గొట్టానికి అంటిన గంధం

నర్సీపట్నం,
12 జూన్ 2005.

చిరంజీవి గంగాభవానికి,

మోటార్ల షెడ్డులో బల్ల మీద కూర్చుని, రాగి తీగ చుట్టే పని పక్కన పెట్టి నీ మావయ్య మన్మథరావు దీవించి రాస్తున్నది. బుధవారం సికింద్రాబాద్ స్టేషనులో ఆ తెల్ల పెట్టె నీ చేతికిచ్చి, నీ మొహమైనా సరిగ్గా చూడకుండా తిరుగు బండి ఎక్కేశాను. మేనకోడలు ఉండే గదైనా చూడకుండా వచ్చానని మీ అమ్మ నన్ను తిట్టిపోసింది. మా అచ్చియమ్మక్క తిట్లు నాకు కొత్త కాదు. ఫోను చెయ్యొచ్చు కదా అంటావు. ఫోనులో మాట చెవిన పడి పోతుంది. ఉత్తరమైతే నా పురాణం పుస్తకంలో పెట్టుకుని మళ్ళీ చదువుకుంటాను.

ఆ పెట్టెలో ఉన్నది మీ బావ పైడిబాబు తొడ కండ అని మరిచిపోకు. చిక్కుడు గింజంత. విశాఖ డాక్టరుగారు కోసి, పొగలు కక్కే మంచులో పెట్టి, తిన్నగా హైదరాబాద్ మీ ల్యాబుకి చేర్చమన్నారు. చేర్చాను. దారిలో మంచుకి లోటు రాకుండా చేపల సింగన్న కూడా సాయం పట్టాడు.

డాక్టరుగారి మాట ఇది. కండ కరిగే జబ్బులో చాలా రకాలున్నాయట. కొన్ని కాళ్ళూ చేతులతో ఆగుతాయి. కొన్ని గుండెనీ పట్టుకుంటాయి. ఏ రకమో తేలేదాకా మూడు నెలలకోసారి పైడిబాబు గుండెకి స్కానింగు చేయించాలి, గుండెను పట్టే రకమని తేలితే వెంటనే మందులు మొదలెట్టాలి. పాతికేళ్ళవాణ్ణి విశాఖ బస్సు ఎక్కించడానికి ముగ్గురం చెయ్యి వేస్తున్నాం. "నానేటి బియ్యం బస్తానా, ఒగ్గేయండి," అని వాడు మొహం తిప్పుకుంటాడు. బస్టాండు పక్క చినబాబు ఇంటర్నెట్ సెంటర్లో కూర్చుని చేసే పని కాబట్టి దానికి మాత్రం వెళ్తున్నాడు.

నిన్న రోలుగుంటలో హరికథ చెప్పాను. చీకట్లో చప్పుడు విని బాణం వేసిన రాజు కథ. ఏనుగు నీళ్ళు తాగుతోందనుకుని, గుడ్డి తల్లిదండ్రుల కోసం కుండ ముంచుతున్న పిల్లవాణ్ణి కొట్టాడే, ఆ రాజు. నేను ఆ రాజుని వదలను, నీకు తెలుసు. "కళ్ళతో చూడకుండా కొట్టే చెయ్యి రాజుదైనా అది పాపిష్టి చెయ్యే," అని అరగంట దులిపాను. ముసలి తండ్రి పెట్టిన శాపం దగ్గరికొచ్చేసరికి ఆడవాళ్ళంతా ఏడ్చారు. ఆ శాపం నేను చెప్పినట్టు ఈ డివిజనులో ఇంకెవరూ చెప్పలేరని ముందు వరసలో జోగులు అన్నాడు.

బేగి రాయి. మీ అత్త రామాయమ్మ రోజూ పోస్టుమేన్‌ని అడుగుతోంది.

మీ మావయ్య,
మన్మథరావు

*

హైదరాబాద్,
3 జూలై 2005.

మావయ్యకి, అత్తకి నమస్కారాలు.

పెట్టె మూత తీయగానే ల్యాబంతా చేపల బజారు వాసన. మా సార్ ముక్కు మూసుకుని, "మీ వైపు వాళ్ళు మంచునీ ఉప్పులో ఊరబెడతారా," అన్నారు. కండ ఉన్న గొట్టం మీద పసుపుదారం, పూసిన గంధం. అది తుడిచేసరికి నా వేలికి అంటింది. సింహాచలం అప్పన్న గంధమేనా? రోజంతా వేలు కడుక్కోలేదు. రిజిస్టరులో మాత్రం మీరు స్టేషనులో చెప్పినట్టే రాశాను: "ఆసుపత్రి నుంచి తిన్నగా, మంచులో."

నేను చేసే పని ఏమిటని అత్త అడిగిందట. కండ గట్టిగా ఉండాలంటే అందులో చాలా ప్రోటీన్లు ఉండాలి. ఒక్కో ప్రోటీన్‌ని తయారుచేయడానికి ఒక్కో జీన్. జీన్ చెడితే దాని ప్రోటీన్ కండలో కనబడదు. ఏది కనబడటం లేదో తెలిస్తే ఏ జీన్ చెడిందో తెలిసినట్టే. దాన్ని వెతకడానికి వాడేది యాంటీబాడీ. మీకు నచ్చేలా చెప్పాలంటే అదొక బాణం, ఒక్క ప్రోటీన్‌నే వెతుక్కుంటూ వెళ్ళి తగులుతుంది. తగిలితే ఫిల్ము మీద నల్లటి గీత పడుతుంది. ప్రోటీన్ లేకపోతే గీత లేదు.

ఏ బాణం కొనాలో చెప్పే పెద్ద జాబితాలు ఇంటర్నెట్‌లో ఉన్నాయి. ప్రోటీన్ పేరు కొడితే దానికి ఎవరెవరు యాంటీబాడీ తయారుచేస్తున్నారో, అది ఏ జీన్ తాలూకు ప్రోటీన్‌ని పట్టుకుంటుందో, మనిషి కండలో పనిచేస్తుందో ఎలుక కండలోనో, వాడినవాళ్ళు ఏమన్నారో, అన్నీ ఒక పేజీలో వస్తాయి. బావకి ఆ పేజీ అడ్రసు పంపాను. అక్కడే కూర్చుంటాడు కాబట్టి చూడమనండి.

చూడాల్సినవి ముఖ్యంగా రెండు. మొదటి ప్రోటీన్ లేకపోతే గుండెకి భయం లేని రకం. దాని యాంటీబాడీ మా ఫ్రిజ్‌లోనే ఉంది. రెండోది లేకపోతే గుండెను పట్టే రకం. దాన్ని బయటి దేశం నుంచి తెప్పించాలి, నెలలు పడుతుంది. రెండూ చూశాకే మాట చెప్పాలని సార్ అన్నారు. ఓపిక పట్టండి.

అత్తకి చెప్పండి, ఇక్కడ మెస్సు పప్పులో చింతపండు వేయరు, చక్కెర వేస్తున్నారేమోనని నా అనుమానం.

భవాని

*

నర్సీపట్నం,
20 జూలై 2005.

చిరంజీవి భవానికి,

నీ ఉత్తరం షెడ్డులో అందరికీ చదివి వినిపించాను. మోటారు బాగుచేయించుకోవడానికి వచ్చిన రైతులు పని మరిచిపోయి విన్నారు. "అయితే ఆ పిల్ల బాణాలు ఏస్తాదా," అని ఒకాయన. "ఏస్తాది, నీకు తగలదులే," అన్నాను.

మీ బావ ఆ పేజీ తీసి, మొదటి కాగితం ప్రింటు తెచ్చాడు. మిగతావి సిరా దండగన్నాడు. నాకు ఇంగ్లీషు రాదు. అయినా పురాణంలో పెట్టుకున్నాను. దేవుడి మాట ఉన్నచోట నా కొడుకు మాట కూడా ఉండనీ.

ఇప్పుడు నా మాట విను. ఆదివారం పైడిబాబు పెరట్లో కింద కూర్చుని లేవలేకపోయాడు. మోకాలి మీద చెయ్యి, తొడ మీద చెయ్యి, తన ఒంటినే నిచ్చెన చేసుకుని ఎక్కినట్టు లేచాడు. నేను చూస్తున్నానని తెలిసి, "ఏటి నాన్నా అలా సూస్తావు, కథలో పెడతావేటి," అన్నాడు. నవ్వలేకపోయాను.

రెండు బాణాలు ఎందుకమ్మా? చేతిలో ఒకటుంది, అది వెయ్యి. భగవంతుడు వేసిన అమ్ముకి వెనక ఇంకో అమ్ము కావాలా? మీ సార్‌కి కొడుకున్నాడో లేదో నాకు తెలియదు. మూడు నెలల స్కానింగు ఆగస్టు నెలాఖరుకి. ఆ లోపల నీ మాట వస్తే వాణ్ణి మళ్ళీ బస్సు మెట్ల దగ్గర బస్తాలా ఎత్తక్కరలేదు.

ఆశతో,
మన్మథరావు

*

హైదరాబాద్,
14 ఆగస్టు 2005.

మావయ్యా,

మీరు అడిగినట్టే చేశాను. ఉన్న యాంటీబాడీతో మూడుసార్లు చూశాను. పక్కన ఆరోగ్యవంతుడి కండ కూడా పెట్టాను. అతని కండకి నల్లటి గీత పడింది. బావది మూడుసార్లూ ఖాళీ. అంటే మొదటి ప్రోటీన్ లేదు. జాబితాలో ఆ ప్రోటీన్ పక్కన ఏ జీన్ ఉందో అదే చెడింది. ఈ రకానికి గుండె జోలి లేదని పుస్తకాల్లో ఉంది.

రెండోది ఇంకా రాలేదు. అది వచ్చాక కూడా చూస్తాను. సార్‌కి చెప్పకుండా మీకు ముందే రాస్తున్నాను. బావని బస్తాలా ఎత్తుతున్నామని రాశారు, ఆ మాట నన్ను కూర్చోనివ్వలేదు.

ఇంకో మాట. ఈ జబ్బు రావాలంటే తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, చెడిన జీన్లు రెండూ కలవాలి. ఒక్కటే ఉన్నవాళ్ళకి ఏమీ కాదు, ఉన్నట్టు కూడా తెలియదు. అత్త మీ మేనమామ కూతురు. మీకు అమ్మమ్మ, నాకు తాతమ్మ, ఆవిడ నుంచే ఆ జీన్ మీ ఇద్దరికీ వచ్చి ఉండొచ్చు. నాకూ ఉండొచ్చు. బావకీ నాకూ చిన్నప్పుడు అనుకున్నారు కదా. మన ఇళ్ళలో ఇక మీదట మేనరికాలు ఆలోచించి చేసుకుంటే మంచిది. తప్పుగా అనుకోకండి.

భవాని

*

నర్సీపట్నం,
30 ఆగస్టు 2005.

గంగాభవానికి,

గుండెకి భయం లేదన్న మాట చదివి మీ అత్త దేవుడి ముందు సాష్టాంగపడి చాలాసేపు లేవలేదు. విశాఖ ప్రయాణం మానేశాం. డాక్టరుగారికి మనిషి చేత కబురు చేశాను, మా పిల్ల తేల్చేసిందని. పైడిబాబు ఆ రోజు రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు.

అక్కడితో ఆపి ఉంటే నీకు పాదాభివందనం చేసేవాణ్ణి, వయసు కూడా చూడకుండా. కింద ఏం రాశావమ్మా? నా పెళ్ళి తప్పు. నా మేనమామ కూతుర్ని చేసుకోవడం తప్పు. మా అమ్మమ్మ రక్తం తప్పు. మీ అత్త అది విని ఏమందో తెలుసా? "అయితే నా కొడుకుని నానే పాడు సేసినానేటి," అంది. ఇరవై ఏడేళ్ళ సంసారంలో అంత చిన్న గొంతు వినలేదు.

నీకు మా పైడిబాబు వద్దనుకుంటే వద్దని రాయి. కుంటివాణ్ణి చేసుకోమని నేను నీ కాళ్ళు పట్టుకోలేదు. దానికి జీన్లూ తాతమ్మలూ ఎందుకు? వేదికెక్కి వందమందికి ధర్మం చెప్పేవాణ్ణి. నాకు నా ఇంటి ధర్మం కంప్యూటరు పేజీ చెప్పనక్కరలేదు.

మా రక్తం చెడ్డదని రాసిన చేత్తో మాకు ఇక ఉత్తరం రాయవద్దు.

మన్మథరావు

*

హైదరాబాద్,
2 ఏప్రిల్ 2006.

మావయ్యా,

రాయవద్దన్నారు. రాస్తున్నాను. ఇది చదివి చించేయండి, కానీ చదవండి.

మార్చి తొమ్మిదిన చినబాబు ఫోను చేసి, బావ సెంటర్లో కుర్చీలోనే ఒరిగిపోయాడని, నీళ్ళు తెచ్చేలోపలే అయిపోయిందని చెప్పాడు. నేను వచ్చేసరికి మీరు గుమ్మంలో నిలబడి ఉన్నారు. "వచ్చావా అమ్మా," అన్నారు. పదకొండు రోజులూ మీతో ఆ ఒక్క మాటే. అత్త నా తల నిమిరి, "నీ దయవల్ల గుండె బాగుందనే తెలుసు గదమ్మా, మరిదేటి ఇలాగయిపోనాది," అంది. ఆ ప్రశ్నతోనే తిరుగు బండి ఎక్కాను.

జవాబు ఇది. రెండో యాంటీబాడీ నవంబరులోనే వచ్చింది. సీసా ఫ్రిజ్‌లో పెట్టాను. మీ ఉత్తరం మీద కోపం. ఎలాగూ తేలిపోయింది కదా, ఎవరికోసం చూడాలి అనుకున్నాను. నాలుగు నెలలు రోజూ ఆ ఫ్రిజ్ తలుపు తీసి వేరే సీసాలు తీసుకున్నాను. ఊరి నుంచి వచ్చిన మర్నాడు మిగిలిన కండ తీసి దానితో చూశాను. గీత పడలేదు. గుండెను పట్టే రకం మావయ్యా.

అయితే మొదటిది ఎందుకు కనబడలేదు? మళ్ళీ ఆ జాబితా తెరిచాను. పేజీ కింద, చాలా కిందకి జరిపితే, వాడినవాళ్ళు రాసిన మాటలున్నాయి. అందులో ఒకరు, కండ గడ్డకట్టి ఉండకుండా వేడి తగిలితే మిగతావి నిలిచినా ఈ ప్రోటీన్ తనని తానే తినేస్తుంది, అందుకని గీత పడకపోయినా జబ్బు అని అనుకోవద్దు అని రాశారు. నేను అంత కిందకి చూడలేదు. కానీ మన పెట్టె తిన్నగా మంచులోనే వచ్చింది. కాబట్టి అది కారణం కాదు. నా చేతిలోనే ఏదో తప్పు జరిగి ఉండాలి. ఏ తప్పో పది రోజులుగా వెతుకుతున్నాను, దొరకడం లేదు. సార్‌కి అంతా చెప్పాను. ఆయన తిట్టలేదు, అద్దాలు తీసి తుడుచుకున్నారు.

నేను ఆ ఉత్తరం రాయకపోతే మీరు ఆగస్టులో బావని స్కానింగుకి తీసుకెళ్ళేవారు.

భవాని

*

హైదరాబాద్,
7 మే 2006.

మావయ్యా,

నెల దాటింది. జవాబు లేదు. మీరు కథ చెప్తుంటే చిన్నప్పుడు బావా నేనూ మైకు స్తంభం కింద కూర్చుని వినేవాళ్ళం. ఆ ముసలి తండ్రి ఏమన్నాడో నాకు కంఠతా వచ్చు. చూడకుండా బాణం వేసిన చెయ్యి ఎలాంటిదో మీ నోటే విన్నాను. ఆ మాటలు మీరు నాకు రాస్తే తీసుకుంటాను. రాయకుండా ఉంటేనే తట్టుకోలేను.

భవాని

*

నర్సీపట్నం,
21 మే 2006.

అమ్మా భవానీ,

నీ ఉత్తరాలు రెండూ అందాయి. మొదటిది వచ్చినప్పుడు మీ అత్తకి చదవలేదు. చొక్కా జేబులో పెట్టుకుని తిరిగాను. రెండోది వచ్చాక రెండూ కలిపి చదివి వినిపించాను. విని, స్టవ్ కట్టేసి, నా ఎదురుగా కూర్చుంది.

"ఆ పెట్టె సంగతి పిల్లకి రాసినావా?"

"లేదు."

"మరేటి రాసినావు ఇన్నాళ్ళూ?"

అందుకని రాస్తున్నాను. జూన్ ఆరు, సోమవారం, విశాఖలో పెట్టె చేతికిచ్చారు. ఆ సాయంత్రమే బండి ఉంది. ఆ రోజు అమావాస్య. అమావాస్య నాడు నా బిడ్డ పని మీద బయలుదేరనన్నాను. పెట్టె పట్టుకుని నర్సీపట్నం బస్సెక్కి ఇంటికి తెచ్చాను. మీ అత్త, "నా కొడుకు ఒంట్లో ముక్క, ఇంటి దేవుడికి సూపించకుండా ఊరు దాటిస్తావేటి," అంది. నాకు సబబే అనిపించింది. గొట్టం బయటికి తీసి దేవుడి పీట మీద పెట్టాం. పసుపుదారం కట్టాం, అప్పన్న గంధం పూశాం. ముందు దీపం పెట్టాం. దీపానికి బాగా దగ్గరగానే పెట్టాం. తెల్లవార్లూ ఆరకుండా నేనే నూనె పోశాను.

పైడిబాబు మంచం మీద నుంచి చూసి, "నాకే పూజ సేసేస్తన్నారేటి," అని నవ్వాడు.

పొద్దున్న పెట్టెలో చూస్తే మంచూ లేదు, నీళ్ళూ లేవు. ఆ మంచు అలా గాలిలో పోతుందని నాకు తెలియదు. గొట్టం చేత్తో పట్టుకుంటే వెచ్చగా ఉంది. పరుగున బజారుకెళ్ళి చేపల సింగన్నని పట్టుకున్నాను. "ఉప్పు కలిపితే గట్టిగా ఉంటాది బావూ, మా వంజరాలు అలాగే ఊరూరా ఎల్తాయి," అని నింపి ఇచ్చాడు. మంగళవారం తునిలో బండెక్కాను. స్టేషనులో నువ్వు పెట్టె అందుకుంటూ అడిగావు, తిన్నగా తెచ్చారా మావయ్యా అని. తిన్నగానే అన్నాను. ముప్పై ఏళ్ళు సత్యం మీద గొంతు చించుకున్నవాణ్ణి, కోడలిపిల్ల ముందు చిన్నబోతానని ఆ ఒక్క మాట అన్నాను.

నీ ఏప్రిల్ ఉత్తరం పట్టుకుని చినబాబు సెంటరుకి వెళ్ళాను. పైడిబాబు తీయకుండా వదిలేసిన కాగితాలన్నీ తీయమన్నాను. చివరి కాగితంలో నువ్వు రాసిన మాట ఉంది. చినబాబు తెలుగులో చెప్పాడు. వేడి తగిలితే తనని తానే తినేస్తుందని. రెండుసార్లు చెప్పించుకున్నాను. మా వాడి కుర్చీ అక్కడే ఉంది. ఎవరూ కూర్చోవడం లేదు.

నీ చేతిలో తప్పు వెతకడం మానెయ్యి. అక్కడ లేదు. సీసా నాలుగు నెలలు ఫ్రిజ్‌లో ఉందన్నావు. దాన్ని అక్కడ పెట్టింది నా ఉత్తరం. రెండు బాణాలెందుకని నిన్ను తొందరపెట్టిన నోరూ నాదే. మందు వేసి ఉంటే బతికేవాడా అని విశాఖ డాక్టరుగారిని అడిగాను. చెప్పలేనన్నారు. చెప్పలేనన్న మనిషిని మొదటిసారి గౌరవించాను. నీ రిజిస్టరులో "తిన్నగా" అని ఉంది కదా, అది కొట్టేసి జరిగింది జరిగినట్టు రాయి. కింద నా పేరు పెట్టు.

శుక్రవారం కృష్ణదేవిపేటలో కథకి పిలిచారు. సూతకం వెళ్ళాక మొదటిది. వద్దనుకుంటూనే వెళ్ళాను. వాళ్ళు అడిగింది ఆ రాజు కథే. బాణం దాకా చెప్పాను. పిల్లవాడు పడిపోయేదాకా చెప్పాను. రాజు కుండతో నీళ్ళు తీసుకుని ఆ గుడ్డివాళ్ళ దగ్గరికి వెళ్తున్నాడు. ఏళ్ళ తరబడి ఆ నడక దగ్గర నేను రాజుని తిడుతూ వచ్చాను. ఆ రోజు వాడి చేతిలో కుండ బరువు తెలిసింది నాకు. ఎవరూ రమ్మనకపోయినా వెళ్తున్నాడు. చెప్పకుండా పారిపోవచ్చు. వాళ్ళకి కళ్ళు లేవు, ఎవరు కొట్టారో ఎప్పటికీ తెలియదు. అయినా వెళ్తున్నాడు. నీ ఉత్తరం నా జేబులోనే ఉంది భవానీ.

తండ్రి నోరు తెరవాల్సిన చోటుకి వచ్చాను. హార్మోనియం ఆపేశాను. జోగులు రోలుగుంట నుంచి ఆ శాపం కోసమే వచ్చాడు. "కానీండి గురువుగారూ, శాపం సెప్పండి," అన్నాడు.

"ముసలాయన శాపం పెట్టలేదు," అన్నాను. "నీళ్ళకి పంపింది మేమే బాబూ, చీకటి పడిందని మాకు కనబడలేదు, అన్నాడు."

"నా పుస్తకంలో అలా లేదండి."

"నా పుస్తకంలోనూ లేదు జోగులూ," అన్నాను. మంగళం పాడకుండా దిగిపోయాను. జోగులు వెనకే వచ్చి నా హార్మోనియం పెట్టె అందుకుని ఆటోలో పెట్టాడు.

మీ అత్త నిన్ను రమ్మంటోంది. తాతమ్మ మాట నువ్వు నిజమే రాశావని తనే అంటోంది. చింతపండు పప్పు చేస్తానంటోంది.

ఇంటికొచ్చాక మీ అత్త చేత గంజి కాయించి, నా పురాణంలో ఆ శాపం ఉన్న రెండు పేజీలూ ఒకదానికొకటి అంటించేశాను. ఆరేదాకా పైన మోటారు బరువు పెట్టాను. నీ ఉత్తరాలు మాత్రం వాటికి ఇవతల పెట్టుకున్నాను, మళ్ళీ చదువుకోవడానికి.

మావయ్య